పెరటికి చలికాలం: ముందు నీళ్లు తగ్గించండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. ఉద్యోగ విరమణ తరువాత హైదరాబాదు నుంచి పాలకొల్లు దగ్గరి సొంత ఊరికి వచ్చేశారు. దసరా రోజుల్లో దొడ్లో టమాట, వంగ, చిక్కుడు వేశారు. కడియం నర్సరీల నుంచి చామంతి మొక్కలు తెచ్చి అరుగు పక్కన కుండీల్లో పెట్టారు. డిసెంబరు వచ్చేసరికి కింది ఆకులు పసుపు పడి రాలుతున్నాయి, ఎదుగుదల ఆగింది, చామంతి ఒక్క మొగ్గ కూడా వేయలేదు, మూల ఉన్న కంద వాలిపోయింది. చలికి తట్టుకోలేకపోతున్నాయనుకుని రాత్రిళ్లు ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నారు, రెండు పూటలా నీళ్లు పోస్తున్నారు. ఈ మూడు నెలలు తోట ఆపేసి ఉగాదికి మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు.

ఆపవద్దండి. మన గోదావరి డెల్టాలో కూరగాయలకూ పూలకూ ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి కాలం లేదు. మన తీరంలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ చలి టమాటకు, చిక్కుడుకు, బంతికి హాయి. మీ మొక్కలు బాధపడుతున్నది తడితో. ఈరోజే పట్టా తీసేయండి, సాయంత్రం నీళ్లు పూర్తిగా మానేయండి, మడి చుట్టూ జానెడు లోతు బోదె తీసి నీరు బయటకు పోయే దారి చూపించండి. వేరు పూర్తిగా కుళ్లకపోతే రెండు వారాల్లో కొత్త చిగురు కనిపిస్తుంది. పసుపు పడిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, దాని కోసం ఎదురుచూడకండి. చిగురును చూడండి.

నేను కోనసీమలో పంట కాలువకు దగ్గరగా ఎనిమిది సెంట్ల దొడ్డి చూసుకుంటున్నాను. 1996 నవంబరు 6 తుపానుకు మా తొమ్మిది కొబ్బరి చెట్లలో ఏడు కూలిపోయాయి. ఆ ఏడుపులోనే దొడ్లోకి మొదటిసారి ఎండ దిగింది. ఆ ఎండ చూసి మా అత్తగారు వంగ నారు పోశారు. అప్పటి నుంచి ఒక్క చలికాలం కూడా మడి ఖాళీగా ఉంచలేదు. కింద రాసేదంతా ఆ దొడ్లో చూసింది, చేసింది, పోగొట్టుకుని నేర్చుకున్నది.

తడి ఎక్కడి నుంచి వస్తోంది

హైదరాబాదు ఎర్ర నేల, మేడ మీద కుండీలు అలవాటైన చేతికి ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ పోసిన నీరు జారిపోతుంది. ఇక్కడ మనది ఒండ్రు కలిసిన నల్ల బంకమట్టి, ఒకసారి తాగిన నీటిని అంత తొందరగా వదలదు. దానికి తోడు సార్వా (వానాకాలపు వరి) కోతలు అయ్యాక కొన్నాళ్లే పొలాలు ఆరతాయి. తరువాత దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీరు పెట్టి బురదగా దున్ని దమ్ము చేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మన ఊళ్లకు ఉన్న భాగ్యం ఇది, కానీ చుట్టూ పొలాల్లో నీరు నిలిచినప్పుడు మధ్యలో ఉన్న దొడ్లోనూ భూమి కింది నీరు పైకి వస్తుంది. మా దొడ్లో జనవరిలో మూడడుగుల గొయ్యి తీస్తే అడుగున నీరు ఊరుతుంది. మే నెలలో అదే చోట అంత లోతుకు తవ్వితే పొడి పెళ్లలే వస్తాయి.

ఇక రాత్రంతా మంచు కురుస్తుంది. పగటి ఎండ మెత్తగా ఉంటుంది కాబట్టి ఆకు నుంచి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, వేరు తాగేదీ తగ్గుతుంది. మనం మాత్రం వేసవి లెక్కలో బకెట్లు మోస్తాం. మట్టి రంధ్రాల్లో గాలి ఉండవలసిన చోట నీరు నిండిపోతే వేరుకు ఊపిరి ఆడదు. ఊపిరాడని వేరు పోషకాలూ తీసుకోలేదు, నీరూ తీసుకోలేదు. అందుకే నీళ్లలో నిలబడిన మొక్క కూడా మధ్యాహ్నం వాడినట్టు తల వాల్చేస్తుంది. అది చూసి దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తాం. దొడ్లో మొక్కలు ఎక్కువగా పోయేది ఈ ఒక్క పొరపాటుతోనే.

అనుమానం తీరాలంటే బాగా పాడైన ఒక వంగ మొక్కను పెకలించి వేరు నీళ్లలో కడగండి. తెల్లగా, గట్టిగా ఉంటే సమస్య వేరే. గోధుమ రంగులో మెత్తబడి, వేళ్లతో లాగగానే పైతోలు ఊడి సన్నని దారం మిగిలితే, మురుగు బోదె వాసన వస్తే, తడే కారణం. ఒక మొక్క పోతే పోయింది, మిగిలిన పాతిక బతుకుతాయి.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మా దొడ్లో రెండు టమాట మడులు ఉండేవి. ఒకటి నేలకు సమానంగా, ఇంకొకటి మోకాలి ఎత్తున కట్టినది. నారు ఒకటే, ఎరువు ఒకటే, నాటిన రోజు ఒకటే. నేల మడిలో నీరు ఒకటిన్నర రోజు నిలిచింది, వారం తిరిగేసరికి ఇరవై రెండు మొక్కల్లో పంతొమ్మిది పోయాయి. ఎత్తు మడిలో మూడే పోయాయి, అవీ గాలికి విరిగినవి. ఆ తరువాత మా దొడ్లో ఎత్తు మడి తప్ప మరో రకం లేదు.

ఎత్తు మడికి దొడ్డి మట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, మిల్లు నుంచి తెచ్చిన ఊక, ఇసుక కలిపి ఒక పాలు వేస్తాను. బంకమట్టిలో ఉత్త ఇసుక కొద్దిగా కలిపితే మట్టి ఇటుకలా బిగుసుకుంటుంది, ఎరువు తప్పకుండా ఉండాలి. మన ప్రాంతంలో చవకగా దొరుకుతుంది కదా అని చాలామంది కుండీల నిండా కొబ్బరి పీచు పొట్టు నింపేస్తారు. వేసవికి అది అమృతం, చలికాలంలో తడిగుడ్డ. ఈ కాలంలో కుండీ మట్టిలో నాలుగో వంతు మించనివ్వకండి.

నీళ్లు ఎప్పుడు, ఎంత

గడియారం చూసి, అలవాటు చూసి పోయకండి. చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. వేలికి మట్టి అంటుకుని వస్తే ఆరోజు నీళ్లు వద్దు. పొడిపొడిగా వస్తే పొద్దున ఎనిమిది దాటి, ఆకు మీది మంచు ఆరిన తరువాత, మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు. మా దొడ్లోని మడులకు ఈ నెలల్లో వారానికి ఒకసారి సరిపోతుంది, కొన్ని వారాలు అదీ అవసరం ఉండదు. మేడ మీద కుండీలది వేరే సంగతి, వాటికి రెండు మూడు రోజులకోసారి కావచ్చు. కొత్తగా నాటిన నారుకు మాత్రం నాటుకునే వరకు, అంటే వారం పది రోజులు, కొద్దికొద్దిగా రోజూ ఇవ్వండి. కాయ మీద ఉన్న టమాటను బాగా ఎండగట్టి ఒక్కసారి ముంచెత్తితే కాయలు పగులుతాయి, అక్కడ సమంగా ఇవ్వడం ముఖ్యం.

మీ ఊరు తీరానికి దగ్గర కాబట్టి ఇంకో మాట. బోరు నీరు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉన్నా, ఆరిన మట్టి మీద తెల్లటి పొర కడుతున్నా ఆ నీరు తోటకు వద్దు. అలాంటప్పుడు ఆకు అంచులు మాడిపోతాయి, కాలువ నీరు పట్టుకోవడమే మార్గం. చేపల చెరువులు పక్కనే ఉంటే ఇది తప్పకుండా చూసుకోండి.

పసుపు పడినదంతా జబ్బు కాదు

మీ కంద గురించి కంగారుపడకండి. కంద ఆకు ఈ కాలంలో పండి వాలిపోవడం దాని ధర్మం, లోపల గడ్డ తయారైందని చెబుతోంది. నీళ్లు పూర్తిగా ఆపేసి, కాడ ఎండిపోయాక పక్క నుంచి జాగ్రత్తగా తవ్వండి, పైనుంచి గునపం వేస్తే గడ్డ తెగుతుంది. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం అయితే దురద కూడా ఉండదు. బచ్చలి తీగ ఎలాగూ ఉండే ఉంటుంది, కంద బచ్చలి కూరకు ఇక ఆవపిండి ఒక్కటే తక్కువ. పసుపు దుబ్బులు ఉన్నా ఇదే మాట, జనవరిలో ఆకు ఎండుతుంది. కరివేపాకు, మందార, మునగ ఈ రోజుల్లో నెమ్మదిస్తాయి. వాటికి ఎరువు వేసి తొందరపెట్టకండి, మాఘంలో అవే లేస్తాయి. గోంగూర కూడా పొద్దు పొట్టిది కాగానే పూతకు వచ్చి ఆకు పీచుబారుతుంది. అది మీ పెంపకం లోపం కాదు.

చామంతి ఎందుకు మొగ్గ వేయలేదు

అరుగు మీద రాత్రంతా దీపం వెలుగుతుందా? నాకు ఆ అనుమానమే ఉంది. చామంతి రాత్రి పొడవును లెక్కపెట్టుకునే మొక్క. రాత్రి పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది, వెలుగు పడితే ఇంకా పగలే అనుకుని ఆకులు పెంచుకుంటూ పోతుంది. కొన్నేళ్ల కిందట మా పక్కింటి వదిన కూడా ఇలాగే బాధపడ్డారు. వారి గేటు దగ్గర వరుసగా పన్నెండు కుండీలు, వీధి దీపం కింద ఉన్న నాలుగు మాత్రం నడుం ఎత్తు పెరిగి గొడ్డుగా నిలిచాయి. వాటిని గోడ వెనక చీకట్లోకి మార్చాం. నెల దాటేసరికి గుత్తులు గుత్తులుగా మొగ్గలు వచ్చాయి. మీరూ ఈరోజే కుండీలను దక్షిణం వైపు, రాత్రి చీకటిగా ఉండే చోటికి మార్చండి. సంక్రాంతికి అందకపోవచ్చు, రథసప్తమి నాటికో ఆ తరువాతో పూస్తాయి. పూలు అయిపోయాక మొక్కను పారేయకుండా జానెడు ఎత్తుకు కత్తిరిస్తే అడుగున పిలకలు వస్తాయి, వచ్చే ఏటికి అవే నారు.

దక్షిణం అన్నాను కాబట్టి ఇదీ చూడండి: ఈ నెలల్లో పొద్దు దక్షిణానికి వాలి నడుస్తుంది. ఇంటికి ఉత్తరాన ఉన్న మడి వేసవిలో ఎండలో ఉన్నా ఇప్పుడు గోడ నీడలో ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి నీడ ఎక్కడ ఉందో చూసి ఒక పుల్ల గుచ్చండి. ఐదారు గంటలు ఎండ తగలని చోట టమాట పెట్టి ప్రయోజనం లేదు, అక్కడ పుదీనా, చుక్కకూర వేసుకోండి.

మంచు, పేనుబంక, బూడిద

చిక్కుడుకు ఈ కాలంలో తప్పని బాధ నల్ల పేనుబంక. లేత కొసలు, పూకాడలు మసి పూసినట్టు అవుతాయి, కింద చీమల బారు ఉంటుంది. చీమలు కనిపించాయంటే పేను వచ్చిందని లెక్క. దీనికి మా అత్తగారు చేసిన పద్ధతే నేనూ చేస్తాను. తెల్లవారుజామున ఆకు మీద మంచు ఇంకా బొట్లుబొట్లుగా ఉండగానే, జల్లించిన కట్టెల బూడిద పలచని గుడ్డలో మూటకట్టి పందిరి కింద నిలబడి తడుతూ పోతాను. తడి ఆకుకు బూడిద పట్టుకుంటుంది, ఎండెక్కాక తడితే అంతా నేల పాలే. కింది వైపు పడాలి కాబట్టి కిందినుంచే తట్టాలి, తలకు గుడ్డ కట్టుకోండి. ఉద్ధృతి ఎక్కువైతే కొసలు తుంచి దూరంగా పారేసి, వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం తేనెటీగలు వెళ్లిపోయాక కొట్టండి. కాయ కోసే పాదు మీద ఘాటు మందుల జోలికి పోవద్దు, ఆ కాయ తినేది మన ఇంట్లోవాళ్లే.

టమాట కింది ఆకుల మీద గుండ్రటి వలయాల మచ్చలు కూడా మంచు తడితో వచ్చేవే. నేలకు తాకే ఆకులన్నీ తీసేసి, కర్ర పాతి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వండి. నారు మడిలో మొక్కలు మొదలు కుళ్లి పడిపోతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొక్క మొదట్లో పోయండి. నత్తలు ఉంటే రాత్రి తడి గోనెసంచి ఒకటి మడి పక్కన పరిచి కింద రెండు క్యాబేజీ ఆకులు పెట్టండి, పొద్దున ఎత్తితే అన్నీ అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు ఏం వేయవచ్చు

ఆకుకూరలన్నిటికీ ఇదే అదను. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి వెంటనే వేయండి. ధనియాలు నేల మీద పోసి చెక్కతో రుద్ది రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలక రావడానికి పది రోజులు కూడా పడుతుంది, రాలేదని తవ్వి చూడకండి. ఒకేసారి అంతా చల్లకుండా పది రోజులకో జానెడు చొప్పున వేస్తే మార్చి దాకా కోసుకోవచ్చు. ముల్లంగికి వదులు మట్టి కావాలి, బంకమట్టిలో దుంప వంకర తిరుగుతుంది. క్యారెట్ అయితే లోతైన సంచిలో ఎరువు, ఇసుక మట్టి నింపి వేసుకోవడం నయం.

కాలీఫ్లవర్ ఇప్పుడు నాటవద్దని నా సలహా. మన దగ్గర చలి కొద్ది రోజులే, పువ్వు కట్టే వేళకు ఎండ ముదిరి పువ్వు విడిపోతుంది. అక్టోబరులో తక్కువ కాలపు రకం నారు పెట్టుకున్నవారికే అది. చిక్కుడు కూడా ఆషాఢ శ్రావణాల్లో గింజ పెడితేనే పందిరి నిండుతుంది. దసరాకు పెట్టిన మీ పాదు చిన్నగా ఉండగానే పూతకు వస్తుంది, కాపు తక్కువగానే ఉంటుంది, అది సహజం. జనవరి చివర నుంచి బెండ, బీర, ఆనప, దోస గింజలకు మడి సిద్ధం చేసుకోండి.

మల్లె ఉంటే జాలి చూపించకండి. ఇప్పటి నుంచి నీళ్లు ఆపి, సంక్రాంతి దాటాక మోకాలి ఎత్తుకు కత్తిరించి, ఆకంతా దూసి, ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టండి. ఎండాకాలంలో బుట్టలతో కోస్తారు. మామిడికీ పూత కనిపించే దాకా నీళ్లు వద్దు, నీళ్లిస్తే పూత బదులు ఆకు చిగురు వేస్తుంది. విచ్చుకున్న మామిడి పూత మీద ఏ మందూ కొట్టకండి, ఆ ఈగలూ తేనెటీగలే కదా కాయ పట్టించేది.

ఇక ఆనందం మాట

ప్రశ్న చివర్లో మీరు అడిగారు, ఈ చలిలో తోటలో కూర్చునేది ఏముంటుందని. ధనుర్మాసం పొద్దున ఐదున్నరకు ఒక్కసారి లేచి చూడండి. కాలువ మీద మంచు పొగలా కదులుతుంది, కొబ్బరాకుల నుంచి నీటి బొట్లు టపటపా రాలుతుంటాయి. ఆ వేళకే గుమ్మడి పూలు విచ్చుకుంటాయి. గొబ్బెమ్మలకు పూల కోసం మా మనవరాలు బుట్ట పట్టుకుని వస్తుంది. ముందు దానికి ఒకటి నేర్పాను: సన్నని పొడుగు కాడ మీద ఉన్నది మగ పువ్వు, కోసుకోవచ్చు. పువ్వు కింద గోలీకాయంత పిందె ఉన్నది ఆడ పువ్వు, దాన్ని ముట్టుకోకూడదు. మంచు దట్టంగా ఉన్న రోజు తేనెటీగలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఒక మగ పువ్వు రేకలు విప్పి, మధ్యలో పసుపు పుప్పొడి ఉన్న కాడను ఆడ పువ్వు నడిమధ్య మెల్లగా అద్దుతాం. పాప ఊపిరి బిగబట్టి ఆ పని చేస్తుంది. పిందె నిలిచిందా అని తరువాత రోజూ చూసి వస్తుంది. పోయిన ఏడు అలా అద్దిన కాయల్లో రెండు నిలిచాయి.

చిక్కుడు పందిరి మీద ముదిరిన కాయలు పదిహేను, పెద్ద ఆకులు పది రథసప్తమికి ఉంచుకోండి. కాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం కట్టి, ఆకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపించడానికి బజారుకు వెళ్లనక్కరలేదు. జామ ఈ కాలంలోనే రుచి. వంకాయకు కూడా ఇప్పుడే లేతదనం, పొద్దున కోసి మధ్యాహ్నానికి కొత్తిమీర కారం పెట్టి వండుకోండి.

ఒక్క జాగ్రత్త. డిసెంబరులో కూడా మనకు వాయుగుండాలు వస్తాయి. వాన కబురు వినగానే బోదెల్లో చెత్త తీసి, కర్రలు బిగించి, కోతకు వచ్చిన కాయ కోసేయండి. వాన ఆగిన రోజునే నీరు బయటకు తోడండి, మర్నాటికి వదిలేయకండి. మట్టి కాస్త ఆరాక పైపైన గుల్ల చేయండి.

బోదె తీసిన నాలుగైదు రోజులకు ఒక వంగ మొక్క వేరు కడిగి ఫొటో తీసి పెట్టండి. మొదలు దగ్గరి మట్టి కూడా కనిపించాలి. పోసేది బోరు నీరో కాలువ నీరో, రాత్రి అరుగు దీపం ఎంతసేపు వెలుగుతుందో రాయండి. మిగిలింది అవి చూసి చెబుతాను.